పిల్లల తప్పు జవాబుల వెనక ఉన్న లెక్క

భూమి ఏ ఆకారంలో ఉంటుంది, దాని కింద ఏముంటుంది అని హైదరాబాద్‌లో ఒకటో తరగతి, మూడో తరగతి పిల్లలను అడిగి చేసిన పరిశోధన ఒకటి 1996లో వెలువడింది. చేసినవాళ్ళు అల సమరపుంగవన్, స్టెల్లా వోస్నియాడూ, విలియం బ్రూవర్. ఆ పిల్లల్లో చాలామంది ఊహలో భూమి నీళ్ళ మీద ఆనుకుని ఉంది, లేదా తేలుతోంది. ఈ మాట వాళ్ళ సైన్సు పుస్తకంలో ఉండే అవకాశం లేదు. అలాగని నోటికొచ్చింది చెప్పేశారని కొట్టిపారేయడానికీ లేదు, ఎందుకంటే ఒక్కో పిల్లవాడు చెప్పిన జవాబులను పక్కపక్కన పెట్టి చూస్తే అవి చాలావరకు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయి.

వోస్నియాడూ, బ్రూవర్ అంతకు నాలుగేళ్ళ ముందే అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పిల్లల మీద ఈ పని చేశారు. భూమి ఎలా ఉంటుందంటే అక్కడ చాలామంది గుండ్రంగా అన్నారు. మామూలుగా అయితే టీచర్ అక్కడ టిక్కు పెట్టి ముందుకు పోతారు. వీళ్ళు పోలేదు. నేరుగా రోజుల తరబడి నడుచుకుంటూ పోతే ఎక్కడికి చేరతావు? భూమికి అంచు ఉందా? అక్కడి నుంచి కింద పడిపోతామా? ఇలా తవ్వుతూ పోతే అసలు బొమ్మలు బయటపడ్డాయి. కొందరికి భూమి గుండ్రమే, కానీ చదునైన బిళ్ళ. కొందరి లెక్కలో భూములు రెండు. మనం నిలబడ్డది బల్లపరుపుది, టీచర్ చెప్పే గుండ్రటిది ఆకాశంలో ఎక్కడో ఉంది. ఇంకొందరికి భూమి బోలుగా ఉన్న గోళం, మనం దాని లోపల చదునైన నేల మీద ఉంటాం.

పిల్లల వైపు నుంచి చూడండి. కాళ్ళ కింద నేల చదునుగా ఉంది, అది రోజూ కంటికి కనిపిస్తోంది. ఆధారం లేనిది ఏదైనా కింద పడుతుంది, అది పాకే వయసు నుంచీ చేత్తో పారేసి మరీ తేల్చుకున్న సంగతి. ఇప్పుడు పెద్దవాళ్ళు వచ్చి భూమి గుండ్రం అంటున్నారు. పెద్దవాళ్ళ మాట అబద్ధం కాదు, తన అనుభవమూ అబద్ధం కాదు. రెండూ నిలబడే ఒక ఏర్పాటు కావాలి. రెండు భూములు, బోలు గోళం అలా పుట్టినవే. హైదరాబాద్ పిల్లలకు అదనంగా ఒక సౌకర్యం ఉంది. భూమి దేని మీద ఆగింది అన్న ప్రశ్నకు మన పురాణాల్లో జవాబులున్నాయి. వరాహావతారం కథ విన్న పిల్లలకు భూమి కింద సముద్రం ఉందనుకోవడం కష్టమేమీ కాదు. భూమి కింద పడకుండా ఏది ఆపుతోంది అన్న చిక్కును నీళ్ళు తీర్చేశాయి.

అంటే తప్పు జవాబులో తెలివి తక్కువ లేదు. ఉన్న సమాచారంతో చేసిన సర్దుబాటు ఉంది.

ఈ సంగతిని మొదట పట్టుకున్నవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన జాన్ పియాజే. 1920 ప్రాంతంలో ఆయన పారిస్‌లో పిల్లల తెలివితేటల పరీక్షలు తయారుచేసే పనిలో ఉన్నాడు. అక్కడ చేయాల్సిన పని సరైన జవాబులు లెక్కపెట్టడం. ఆయన దృష్టి తప్పుల మీద పడింది. ఒకే ఈడు పిల్లలు ఒకే రకం తప్పులు చేస్తున్నారు, కాస్త పెద్దపిల్లలు వేరే రకం తప్పులు చేస్తున్నారు. అంతకుముందు ఆయన చదివింది జంతుశాస్త్రం, అందులోనూ నత్తల మీద. నీళ్ళు కదలని చోట ఉండే నత్తలకూ, అలలు కొట్టే చోట ఉండే నత్తలకూ గుల్ల ఆకారంలో వచ్చే తేడాలు చూసిన మనిషి. ప్రాణి పరిసరాలకు సర్దుకుంటుందనే ఆలోచన అక్కడి నుంచే పిల్లల బుద్ధి మీదికి వచ్చింది.

మన దగ్గర పియాజే పేరు టెట్, డీఎస్సీ రాసినవాళ్ళకు కంఠతా వచ్చు. ఇంద్రియ చాలక, పూర్వ ప్రచాలక, మూర్త ప్రచాలక, అమూర్త ప్రచాలక అని నాలుగు దశలు, పక్కన వయసులు, వాటి మీద రెండు మూడు బిట్లు. నా మటుకు నాకు ఈ దశల పట్టిక ఆయన పనిలో బాగా బలహీనపడిన భాగం. ఇన్నేళ్ళకు ఇది వస్తుంది, అంతవరకు రాదు అన్న గీతలు తర్వాతి పరిశోధనల్లో చాలాచోట్ల చెరిగిపోయాయి. ఉదాహరణకు, కంటికి కనబడని వస్తువు ఇంకా ఉందన్న ఎరుక ఎనిమిది తొమ్మిది నెలలకు గానీ మొదలవదని ఆయన అన్నాడు. 1980లలో రెనే బయ్యార్జన్ చేసిన ప్రయోగాల్లో నాలుగైదు నెలల పసివాళ్ళే, దాచిన పెట్టెలోంచి ఒక పలక దూసుకుపోయినట్టు కనిపిస్తే ఎక్కువసేపు తేరిపార చూశారు. చేత్తో తెర తీసి వెతకలేకపోయినంత మాత్రాన లోపల ఏమీ తెలియదని కాదన్నమాట.

నిలిచిన భాగం వేరే ఉంది. ఆ బిట్లలోనే వచ్చే సాంశీకరణం, అనుగుణ్యం అన్న జంట. కొత్తది ఎదురైతే దాన్ని ముందున్న అవగాహనలో ఇరికించడం మొదటిది. ఇరకనప్పుడు అవగాహననే మార్చుకోవడం రెండోది. కుక్కను భౌభౌ అని నేర్చుకున్న పిల్లవాడు బక్రీద్ ముందు వీధిలో కట్టేసిన పొట్టేలును చూసి భౌభౌ అనడం మొదటిదైతే, అది మొరగదు, మే అంటుంది, కొమ్ములున్నాయి అని గమనించి మనసులో దానికి వేరే గది కేటాయించడం రెండోది. చెప్పుకోవడానికి రెండు గానీ జరిగేటప్పుడు ఇవి విడివిడిగా జరగవు. ఏ కొత్తనైనా కొంత ఇరికిస్తాం, కొంత మారతాం.

ఇక్కడ పెద్దవాళ్ళు మరిచిపోయే ఇబ్బంది ఒకటుంది. హైదరాబాద్‌లో పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కు ఇచ్చేవాళ్ళు ముందు అద్దె ఇంటికి మారతారు, ఆ తర్వాతే బిల్డర్ కూలగొడతాడు. పిల్లవాడికి అద్దె ఇల్లు లేదు. ఉన్న అవగాహనతోనే రోజు గడపాలి, దాంతోనే ఆలోచించాలి, అందులోనే ఉంటూ గోడలు జరపాలి. అందుకే మార్పు నెమ్మదిగా, అక్కడక్కడా వంకరగా జరుగుతుంది. "కాదు నాన్నా, అది తప్పు" అన్న ఒక్క మాటతో జరగదు.

చుట్టరికాల విషయంలో ఇది చక్కగా కనిపిస్తుంది. అన్న ఉన్న పిల్లవాడిని "మీ అన్నకు తమ్ముడు ఉన్నాడా?" అని అడిగితే లేడంటాడని పియాజే 1920లలోనే రాశాడు. మన ఇళ్ళలో అడిగి చూడండి. మా బంధువుల్లో ఒక నాలుగేళ్ళవాడు "లేడు, నేనున్నా" అన్నాడు. వాడి దృష్టిలో అన్న అంటే ఒక మనిషి, బ్యాటు ఇవ్వని మనిషి. అది ఇద్దరి మధ్య ఉన్న వరస అని, అటువైపు నుంచి చూస్తే తాను తమ్ముడవుతానని ఇంకా తట్టలేదు. అమ్మమ్మ అమ్మకు అమ్మ అన్నా అంతే, వినడానికి వింటారు గానీ నమ్మరు. అమ్మ అంటే తన అమ్మ. ఆవిడకు ఇంకో అమ్మ ఏమిటి?

ఫ్రాంక్ కీల్, నాన్సీ బ్యాటర్‌మన్ 1984లో చేసిన పని మన కోసమే చేశారా అనిపిస్తుంది. వాళ్ళు పిల్లలకు ఇద్దరి గురించి చెప్పారు. ఒకాయన నాన్న వయసువాడు, మీరంటే ఇష్టం, వచ్చినప్పుడల్లా బహుమతులు తెస్తాడు, కానీ మీ అమ్మానాన్నలకు ఏ చుట్టమూ కాదు. ఇంకొకడు అమ్మ తమ్ముడే, కానీ రెండేళ్ళవాడు. ఎవరు అంకుల్? బడికి కొత్తగా వచ్చిన చిన్నపిల్లలు మొదటాయనకే ఓటేశారు, రెండేళ్ళవాడు ఎలా అవుతాడన్నారు. పెద్దపిల్లలు దానికి సరిగ్గా తిరగేశారు. చిన్నప్పుడు మాటకు అర్థం పైకి కనిపించే లక్షణాల మూట. కొన్నేళ్ళకు ఆ మూటలోంచి ఒక్క నియమం తేలి మిగతావి పక్కకు పోతాయి.

మన దగ్గర ఈ దారి ఇంకాస్త మెలికలు తిరుగుతుంది. గేటెడ్ కమ్యూనిటీలో పెరిగే పిల్లలకు వాచ్‌మన్ అంకుల్, ఆటో అంకుల్, పక్క ఫ్లాట్ అంకుల్, పార్సిల్ తెచ్చే అంకుల్. మగవాడై మీసముంటే అంకుల్ అన్న నియమం రోజంతా రుజువవుతూనే ఉంటుంది. అదే పిల్లలు వేసవి సెలవులకు ఊరికి పోతే తమకన్నా చిన్నవాడిని చూపించి వరసకు మామయ్య అవుతాడంటారు. ఊళ్ళో పెరిగిన పిల్లలకు ఇలాంటి ఢీలు తరచూ తగులుతాయి కాబట్టి వరసలు త్వరగా పట్టుబడతాయేమో అని నాకో అనుమానం. అనుమానమే.

ఇక ప్రకృతి సంగతి. జెనీవా పిల్లలు తమ ఊరి సరస్సును మనుషులు తవ్వి నీళ్ళు పోశారని చెప్పారు. ఉన్న ప్రతిదాన్నీ ఎవరో ఒకరు చేసి పెట్టారనుకోవడం ఆ వయసు పిల్లల స్వభావమని పియాజే తేల్చాడు. బాగానే ఉంది, కానీ ఈ ప్రశ్న హైదరాబాద్‌లో అడిగితే? హుస్సేన్ సాగర్‌ను 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో మనుషులే కట్టారు. గండిపేట అని పిలుచుకునే ఉస్మాన్ సాగర్ 1908 మూసీ వరదల తర్వాత కట్టినది, 1920లో పూర్తయింది. హిమాయత్ సాగర్ 1927లో. ట్యాంక్‌బండ్ మీద నిలబడి "ఈ నీళ్ళు ఎవరు పోసిన్రు?" అని అడిగే పిల్లవాడు దాదాపు సరైన ప్రశ్నే అడుగుతున్నాడు. జెనీవాలో తప్పయిన సిద్ధాంతం ఇక్కడ ఒప్పు.

అదే పిల్లవాడిని గచ్చిబౌలి వైపు తీసుకుపోండి. సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో, దుర్గం చెరువు చుట్టూ, ఇంకా బ్లాస్టింగ్ చేయకుండా మిగిలిన చోట్ల గుండు మీద గుండు నిలబడి ఉంటుంది. చూసిన ఎవరికైనా ఎవరో పేర్చారనే అనిపిస్తుంది. ఎవరూ పేర్చలేదు. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ అది. నేలలోపలే పగుళ్ళ వెంట నీరు దిగి, మూలలు అరిగి రాళ్ళు గుండ్రబడ్డాయి, పైనున్న మట్టి కొట్టుకుపోయాక నిలబడ్డవి నిలబడ్డట్టు బయటపడ్డాయి. అంటే ఈ ఊళ్ళో ప్రకృతి సహజంగా కనిపించే చెరువు మనుషులది, మనుషులు పేర్చినట్టు కనిపించే బండలు ప్రకృతివి. కంటికి కనిపించేదాన్ని నమ్ముకుని సిద్ధాంతం కట్టుకునే మూడేళ్ళ బుర్రకు ఇంతకన్నా చిక్కు ఊరు ఉండదు.

రాళ్ళ గురించి ఇంకో ప్రయోగం కూడా ఉంది. డెబొరా కెలెమెన్ 1999లో అమెరికా పిల్లలను రాళ్ళు మొనదేలి ఎందుకుంటాయని అడిగి రెండు రకాల జవాబులు ముందుంచింది. కాలక్రమంలో చిన్నచిన్న ముక్కలు పేరుకుని అలా అయ్యాయన్నది ఒకటి, దురద పుట్టిన జంతువులు ఒళ్ళు రుద్దుకోవడానికి అన్న తరహాది మరొకటి. ఏడెనిమిదేళ్ళ పిల్లలు కూడా రెండోరకం వైపే మొగ్గారు. ప్రతిదానికీ ఒక ప్రయోజనం ఉండాలన్న పట్టుదల అంత తొందరగా వదలదు.

అన్నిటికన్నా నాకు నచ్చిన ప్రయోగం మాత్రం 1970లలో అనెట్ కార్మిలాఫ్-స్మిత్, బార్బెల్ ఇన్‌హెల్డర్ చేసినది. పిల్లల ముందు చెక్కదిమ్మలు పెట్టి సన్నటి కడ్డీ మీద పడిపోకుండా నిలబెట్టమన్నారు. కొన్ని దిమ్మలు మామూలువి, సరిగ్గా మధ్యలో పెడితే నిలబడతాయి. కొన్నింటిలో ఒక చివర బయటికి కనబడకుండా బరువు దాచారు. నాలుగేళ్ళవాళ్ళు చేత్తో అటూ ఇటూ జరిపి, ఎటు వాలుతోందో చూసుకుని రెండు రకాలనూ నిలబెట్టేశారు. ఆరేళ్ళవాళ్ళు బరువు దాచినవాటి దగ్గర ఓడిపోయారు. మధ్యలో పెట్టడం, పడిపోవడం, ఇంకా జాగ్రత్తగా మళ్ళీ మధ్యలోనే పెట్టడం. చివరికి ఇవి నిలబడే రకం కాదని పక్కన పడేశారు. ఎనిమిది తొమ్మిదేళ్ళవాళ్ళు మళ్ళీ గెలిచారు.

మార్కులు వేస్తే ఆరేళ్ళవాడు నాలుగేళ్ళవాడికన్నా వెనకబడ్డట్టే. ఏ తల్లిదండ్రులైనా టెన్షన్ పడతారు, పీటీఎంలో అడుగుతారు. కానీ జరిగిందేమిటి? చిన్నవాడికి ఏ సిద్ధాంతమూ లేదు, ప్రతి దిమ్మతో కొత్తగా తంటాలు పడ్డాడు. ఆరేళ్ళవాడికి ఒక నియమం దొరికింది, ఏ వస్తువైనా నడిమధ్యలో నిలుస్తుందని. చాలా వస్తువుల విషయంలో అది నిజం కూడా. ఆ నియమం ఉంది కాబట్టే దానికి ఎదురుతిరిగిన దిమ్మ ఏదో తెలిసింది. తర్వాత మధ్య అంటే పొడవులో మధ్య కాదు, బరువులో మధ్య అని సవరించుకోవడానికి ముందు ఆ పొరపాటు నియమం చేతిలో ఉండాల్సిందే.

మాటల్లోనూ ఇదే వంపు ఉంటుంది. ముందు చేతులు అని సరిగ్గా పలికిన పిల్ల కొన్నాళ్ళకు చెయ్యిలు అంటుంది. ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు. బహువచనానికి లు చేర్చాలన్న నియమాన్ని తనే కనిపెట్టి, అడ్డొచ్చిన చేతులును తోసేసింది. ఇంగ్లిష్ పిల్లలు వెంట్ (went) అన్నవాళ్ళే కొన్నాళ్ళకు గోడ్ (goed) అంటారు, మళ్ళీ వెంట్‌కు వస్తారు.

మరి నియమం ఎప్పుడు కదులుతుంది? ఊహించింది జరగనప్పుడు. 2015లో ఎయిమీ స్టాల్, లీసా ఫైగెన్సన్ పదకొండు నెలల పిల్లలకు రెండు వింతలు చూపించారు. కొందరికి గోడలోంచి దూసుకుపోయినట్టు కనిపించే బంతి, కొందరికి గాలిలో ఆగినట్టు కనిపించే బొమ్మ. తర్వాత ఆ వస్తువులు చేతికిచ్చారు. గోడలోంచి పోయినదాన్ని పిల్లలు బల్లకేసి కొట్టి చూశారు. గాలిలో ఆగినదాన్ని కింద పడేసి చూశారు. మాటలు రాని వయసులో, వచ్చిన అనుమానానికి సరిపడే పరీక్ష పెట్టారు. ఏ వింతా చూడని పిల్లలు అంత ఆసక్తి చూపలేదు.

ఇక్కడ పెద్దవాళ్ళ పాత్ర కాస్త ఇరకాటమైనది. 2011లో ఎలిజబెత్ బోనావిట్జ్, లారా షుల్జ్ తదితరులు పైకి కనబడకుండా నాలుగు రకాల పనులు చేసే బొమ్మ ఒకటి తయారుచేశారు. కొందరు పిల్లలకు టీచర్‌లా "ఇదిగో చూడు, ఇది ఇలా పనిచేస్తుంది" అని ఒకటి మాత్రం చూపించారు. కొందరి ముందు అదే పని పొరపాటున జరిగినట్టు నటించారు. పాఠంలా చూసిన పిల్లలు ఆ ఒక్కదానితో ఆడి తొందరగా వదిలేశారు, మిగతావి వెతకలేదు. వాళ్ళ లెక్క తప్పని అనలేం. తెలిసిన మనిషి చెబుతున్నారు కదా, ఇంకేమైనా ఉంటే చెప్పేవారే. నర్సరీ నుంచే వర్క్‌షీట్లు నింపించి, ఫౌండేషన్ కోర్సు పేరు చెప్పి ఫీజులు గుంజే మన నగరంలో ఈ ఫలితాన్ని కనీసం ఒకసారి చదువుకోవాలి.

అడిగే తీరుతో కూడా చిక్కే. పియాజే ప్రయోగంలో రెండు వరసల బిళ్ళలు సమానమా అని అడిగి, ఒక వరసను ఎడంగా జరిపి, మళ్ళీ అదే ప్రశ్న అడిగేవారు. చిన్నపిల్లలు పొడుగు వరసలో ఎక్కువున్నాయనేవారు. 1974లో జేమ్స్ మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ చిన్న మార్పు చేశారు. పెద్దమనిషి బదులు ఒక అల్లరి టెడ్డీ బొమ్మ వచ్చి వరసను చెడగొట్టింది. సరైన జవాబులు బాగా పెరిగాయి. మన బడిలో చదివిన ఎవరికైనా కారణం ఇట్టే తెలుస్తుంది. సారు అడిగిందే మళ్ళీ అడిగితే మొదటి జవాబు తప్పని అర్థం, వెంటనే మార్చేయాలి. భూమి ప్రశ్నల మీద కూడా ఇలాంటి అభ్యంతరమే వచ్చింది. గావిన్ నోబ్స్, జార్జియా పనయొటాకీ వంటివాళ్ళు పిల్లల మనసులో అంత పొందికైన బొమ్మలేవీ ఉండవని, తెలిసినవి తునకలు తునకలుగా ఉంటాయని, ప్రశ్నలే తికమక పెట్టాయని వాదించారు. ఆ తరహా ప్రశ్నలు పెద్దవాళ్ళకిస్తే వాళ్ళూ వింత బొమ్మలు గీశారు. నాకు ఈ వాదనలో బలం కనిపిస్తుంది. అయినా రెండు భూముల బొమ్మ తికమకలో పుట్టినా, అది పుట్టిన తీరులో ఒక తర్కం ఉందన్నది కొట్టేయలేం.

అలాగని అన్నీ పిల్లలే కనిపెట్టుకోవాలంటే కుదరదు. సూక్ష్మక్రిములు ఆడుకుంటే కనిపించవు. భూమి తిరుగుతోందని మేడ మీద నిలబడితే తెలియదు. ఎవరో చెప్పాలి, పిల్లలు నమ్మాలి. పిల్లలు నమ్ముతారు కూడా, కానీ గుడ్డిగా కాదు. పాల్ హారిస్ బృందం 2004లో చూపించిన దాని ప్రకారం, వస్తువుల పేర్లు తప్పు చెప్పిన మనిషినీ సరిగ్గా చెప్పిన మనిషినీ మూడు నాలుగేళ్ళవాళ్ళు గుర్తుపెట్టుకుని, కొత్త మాట నేర్చుకోవాల్సి వస్తే రెండోవారి దగ్గరికే పోతారు. అన్నం తినకపోతే బూచాడు వస్తాడని రోజూ చెప్పే ఇళ్ళలో ఇది గమనించాల్సిన విషయం. బూచాడు రాడు. పిల్లవాడు లెక్క రాసుకుంటూనే ఉంటాడు, బూచాడి గురించి కాదు, చెప్పినవాళ్ళ గురించి.

చిన్నప్పటి సిద్ధాంతాలు పోయాయా అంటే పూర్తిగా పోవు. ప్రాణం ఉందా లేదా అన్న ప్రశ్న తీసుకోండి. చిన్నపిల్లలకు కదిలేది బతికున్నట్టు. స్కూటర్ వెంట వచ్చే చందమామకు ప్రాణం ఉండొచ్చు, కుండీలో తులసి మొక్కకు లేకపోవచ్చు. బడికి పోయాక మొక్కకూ ప్రాణముందని నేర్చుకుంటాం, పరీక్షలో రాస్తాం, ఆ విషయం అక్కడితో ముగిసిందనుకుంటాం. 2009లో రాబర్ట్ గోల్డ్‌బర్గ్, షారన్ థాంప్సన్-షిల్ ఒక్కొక్క పేరు తెరమీద చూపించి ప్రాణమున్నదా లేదా అని వేగంగా చెప్పమన్నారు. జంతువుల పేర్లకన్నా మొక్కల పేర్ల దగ్గర జవాబు ఆలస్యమైంది. జవాబు చెప్పినవాళ్ళలో యూనివర్సిటీల్లో జీవశాస్త్రం బోధించే ప్రొఫెసర్లు కూడా ఉన్నారు.